బరంపురం బడా బజార్ కాటాల షాపు: నా రివ్యూ (ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మేవాళ్ళు తప్పకుండా చదవండి)

మాది ఒడిశా బరంపురం. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం, ఇంట్లో తెలుగు వీధిలో ఒడియా. ఏడేళ్ళుగా ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, సున్నుండలు చేసి అమ్ముతున్నా. ఊళ్ళోనే కాకుండా ఇచ్ఛాపురం, సోంపేట, ఇటు ఛత్రపురం దాకా వెళ్తాయి మా ప్యాకెట్లు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ షాపుకి నేను సరదాకి వెళ్ళలేదు, మాట పోయే పరిస్థితి వచ్చి వెళ్ళాను.

కిందటేడు ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ ఫోటో పంపింది, మా కందిపొడి ప్యాకెట్ వాళ్ళ వీధి కిరాణా షాపు కాటా మీద పెట్టి. 238 గ్రాములు. ప్యాకెట్ మీద నేను రాసింది 250. పైగా ఆ 238లో కవరు బరువు కూడా ఉంది. ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు, "అక్కా ఒకసారి చూసుకోండి" అంది అంతే, నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. వెంటనే ఇంట్లో ఉన్న పది ప్యాకెట్లు పట్టుకుని పక్కింటి కిరాణా షాపుకి వెళ్ళి ఒక్కొక్కటీ తూయించాను. ఒకటి 241, ఒకటి 247, ఒకటి ఏకంగా 259. అన్నీ తక్కువే వస్తే ఏదో ఒక లెక్క అనుకోవచ్చు, ఇలా అటూ ఇటూ ఉంటే ఏం అనుకోవాలి. నా కాటా ఆన్‌లైన్‌లో కొన్నది, పది కిలోల దాకా తూస్తుంది, 1 గ్రాము తేడా కూడా చూపిస్తుంది అని రాసుంటే కొన్నాను. కంపెనీ పేరు అనవసరం, అలాంటివి వంద ఉన్నాయి. తరవాత డబ్బా తిప్పి చూస్తే కింద చీమతలకాయంత అక్షరాల్లో వ్యాపారానికి వాడకూడదు అని రాసి ఉంది.

అప్పుడు మా ఆయన స్నేహితుడు చెప్పాడు ఈ షాపు గురించి. బడా బజార్‌లో పెద్ద రోడ్డు మీద కాదు, పక్క సందులో. బోర్డు ఒడియాలో ఉంటుంది, అది కూడా సగం వెలిసిపోయింది, గుమ్మం దగ్గర పాత ఇనుప తక్కెడ ఒకటి వేలాడుతుంటుంది, అదే గుర్తు. పేరు రాయొద్దమ్మా అన్నారు బాబాయ్‌గారు (షాపు ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు, ఒడియా వాళ్ళు భాయినా అంటారు) అందుకే రాయట్లేదు. డెబ్భై దాటి ఉంటాయి, తెలుగువారే. కాటాలు అమ్ముతారు, రిపేరు చేస్తారు, ముద్ర (తూకం సరిగ్గా ఉందని ప్రభుత్వ తూనికల శాఖ వాళ్ళు వేసే గుర్తు) వేయించి పెడతారు, తూకం రాళ్ళు, లీటరు కొలతలు, బట్టల షాపులవాళ్ళు వాడే మీటరు బద్దలు, టేపులు అన్నీ ఉంటాయి.

నేను నా కాటా బల్ల మీద పెట్టి విషయం చెప్తే ఆయన కొత్తది చూపించలేదు. అది నాకు మొదట నచ్చిన సంగతి. లోపలి నుంచి ఒక చెక్క డబ్బా తెచ్చారు, మూత తీస్తే లోపల మఖ్మల్ గుడ్డలో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ఇత్తడి రాయి, పెద్దది నుంచి చిన్నదాకా పిల్లల్ని వరసగా పడుకోబెట్టినట్టు. అన్నిటికన్నా చిన్నవి రేకు ముక్కల్లా ఉన్నాయి, వాటిని చిమటాతో తీశారు. నేను చెయ్యి పెట్టబోతే "ముట్టుకోకమ్మా, సెమట అంటుకుంటే బరువు మారిపోద్ది" అన్నారు. కిలో రాయి నా కాటా మధ్యలో పెట్టారు, 998 చూపించింది. బాగానే ఉంది కదా అనుకున్నా. అదే రాయిని కుడి మూలకి జరిపారు, 1021. ఎడమ మూలకి, 984. రాయి అదే, కాటా అదే, ఒక్క జానెడు కూడా జరపలేదు! తరవాత పావుకిలో రాయి పెట్టి, "ఇక సూస్తా ఉండు" అని ఆయన టీ తాగడానికి కూర్చున్నారు. అంకె 250 నుంచి మెల్లగా 252, 254, టీ అయ్యేసరికి 257. లోపల బరువు మోసే బద్ద నాసిరకందైతే బరువు కింద అలా సాగుతూనే ఉంటుందట.

మరి 259 వచ్చిన ప్యాకెట్ సంగతేంటి అని అడిగాను. పొడి ఎలా పోస్తావమ్మా అన్నారు. చిన్న చెంచాతో మెల్లగా పోస్తానన్నా. ఆయన కాటా సున్నా చేసి, నా ఎదురుగానే కాగితం మీద చిటికెడు చిటికెడు ఉప్పు వేస్తూ పోయారు. సున్నా సున్నాగానే ఉంది. ఓ చెంచాడు పైనే పడ్డాక కూడా సున్నాయే! సున్నా దగ్గర చిన్న చిన్న మార్పులు వస్తే అది గాలికో వేడికో వచ్చిన తేడా అనుకుని తనంతట తానే సున్నా చేసేసుకుంటుందట ఎలక్ట్రానిక్ కాటా, మంచి కాటాల్లో కూడా ఆ ఏర్పాటు ఉంటుంది కాబట్టి మొదట ఒకేసారి గుప్పెడు వేసి తరవాత చెంచాతో సరిచెయ్యాలి అని చెప్పారు. ఏడేళ్ళుగా నాకీ సంగతి తెలీదు. పొడులు, యాలకులు, కుంకుమపువ్వు లాంటివి తూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

సరే కొత్తది ఇవ్వండి, అందరూ వాడే 30 కిలోలది ఇవ్వండి అన్నాను. వద్దన్నారు. కాటా మీద అతికించిన రేకు చూపించారు, దాని మీద గరిష్ఠం 30 కిలోలు, కనిష్ఠం 100 గ్రాములు అని ఉంది, పక్కన ఇంగ్లీషు చిన్న ఈ అక్షరం రాసి 5 గ్రాములు అని ఉంది. ఆ ఈ పక్కన ఉన్నదే కాటా మెట్టు, అంటే దాని నమ్మకం 5 గ్రాముల అంచెల్లోనే, అంతకన్నా చిన్న తేడా దానికి తెలీదు. ఆ మెట్టుకి 20 రెట్లకన్నా తక్కువ బరువు దాని మీద తూయకూడదు, అదే ఆ 100 గ్రాముల లెక్క. ఇది విన్నాక కూరగాయల కాటా మీద 50 గ్రాముల జీడిపప్పు తూయించుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. నాకు 6 కిలోల కాటా ఇచ్చారు, మెట్టు 1 గ్రాము, 20 గ్రాముల నుంచి తూయొచ్చు. పావుకిలో దగ్గర అర గ్రాముకి మించి తేడా ఉంటే అసలు ముద్రే వెయ్యరట. 3,600 తీసుకున్నారు, ముద్ర ఫీజు ప్రభుత్వ రసీదుతో వేరే. నేను 30 కిలోలదే కావాలని పట్టుబడితే ఆయనకి ఇంకో వెయ్యి మిగిలేది, అయినా అమ్మలేదు.

ఇక అసలు కథ రెండోసారి వెళ్ళినప్పుడు జరిగింది. ముద్ర పడ్డాక కాటా తెచ్చుకోడానికి మావాణ్ణి కూడా తీసుకెళ్ళాను, ప్లస్ టూ సైన్సు చదువుతున్నాడు. వాడు ఊరుకోడు కదా, కిలో అంటే ఇంత అని మీ డబ్బాలో రాయికి ఎవరు చెప్పారు తాతగారూ అని అడిగాడు. బాబాయ్‌గారికి అలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు దొరికితే ఇక బేరం కూడా మర్చిపోతారు. నా డబ్బా తూనికల ఇనస్పెక్టరు గారి దగ్గరున్న రాళ్ళతో సరిచూస్తారు, ఆయన రాళ్ళు జిల్లాకో రాష్ట్రానికో పైన ఉన్న ల్యాబులో, అవి భువనేశ్వర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ ల్యాబులో, ఆ పైన ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబరేటరీ, అక్కడ ఉంటుంది మన దేశం కిలో, 57వ నంబరు దిమ్మ, ప్లాటినం ఇరిడియం కలిపి పోసింది అని గొలుసు మొత్తం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. ఆ దిమ్మకి తల్లి పారిస్ పక్కన సెవ్ర్ అనే ఊళ్ళో మూడు గాజు మూతల కింద ఉంటుంది, 1889 నుంచీ ప్రపంచం మొత్తానికి కిలో అంటే అదే. ఎత్తు 39 మిల్లీమీటర్లు, అడ్డం కూడా అంతే. అంటే మా సున్నుండ కన్నా చిన్నది!

మావాడు అందుకున్నాడు, ఇప్పుడు అది కాదు తాతగారూ, 2019 మే 20 నుంచి మార్చేశారు అని. ఎందుకు మార్చారంటే ఆ తల్లి దిమ్మనీ దాని కాపీలనీ పక్కపక్కన పెట్టి తూస్తే వందేళ్ళలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చిందట. నేను అదెంతరా అంటే, ఒక బియ్యపు గింజని నాలుగొందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత అమ్మా అన్నాడు. అంత తేడాకే మార్చేశారా అనిపించింది. కానీ అసలు ఇబ్బంది ఆ ముక్క కాదట. దిమ్మ తగ్గిందో కాపీలు పెరిగాయో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే కిలో అంటేనే ఆ దిమ్మ, దాని మీద ఒక దుమ్ము కణం పడినా ప్రపంచంలో మిగతావన్నీ తేలికైపోయినట్టే లెక్క. అందుకని ఎవరి చేతిలోనూ అరగని, ఎవరూ ఎత్తుకుపోలేని ఒక అంకెని పట్టుకున్నారు, ప్లాంక్ స్థిరాంకం అంటారట. సున్నా పెట్టి, చుక్క పెట్టి, ఆ తరవాత 33 సున్నాలు వేసి, అప్పుడు 662607015 రాయాలి. ఇంత చిన్న అంకెతో కిలో ఎలా కొలుస్తార్రా అంటే వాడు గుమ్మంలో వేలాడే తక్కెడ చూపించాడు. దానిలాంటిదే, కానీ ఒక వైపు రాయి ఉంటే రెండో వైపు కరెంటు తీగచుట్ట. అయస్కాంతం పక్కన ఆ చుట్టలో కరెంటు పంపిస్తే అది రాయి బరువుకి సమానంగా లాగుతుంది, ఎంత కరెంటు పట్టిందో ఆ లెక్క నుంచి కిలో తేలుతుంది, కరెంటుని అంత కచ్చితంగా కొలవడంలోనే ప్లాంక్ అంకె వస్తుంది. దాన్ని కనిపెట్టిన బ్రయాన్ కిబుల్ పేరే పెట్టి కిబుల్ బ్యాలెన్స్ అంటారు.

బాబాయ్‌గారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "అంటే మళ్ళీ తక్కెడ దగ్గరికే వచ్చారన్నమాట బాబూ" అన్నారు. ఆయన మొహం అప్పుడు చూడాలి, ఇంట్లో శుభవార్త విన్నట్టు వెలిగిపోయింది.

ఆయనకి తక్కెడ అంటే అంత ప్రేమ ఎందుకో కూడా చేసి చూపించారు. ఎలక్ట్రానిక్ కాటా లోపల ఒక అల్యూమినియం బద్ద ఉంటుంది, లోడ్ సెల్ అంటారు, బరువు పడితే కంటికి కనపడనంత వంగుతుంది, దాని మీద అతికించిన సన్నటి తీగలు సాగి కరెంటుకి అడ్డు మారుతుంది, ఆ మార్పునే అంకె చేసి చూపిస్తుంది. అంటే అది కొలిచేది భూమి లాగే లాగుడుని. ఆ లాగుడు అన్ని చోట్లా ఒకటి కాదు. పుస్తకాల్లో 9.8 అని ఒక్క ముక్కలో రాసేస్తారు గానీ భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832, మన బరంపురంలో లెక్కేస్తే సుమారు 9.786, ఢిల్లీలో 9.792 దగ్గర. అందుకే ఢిల్లీ దగ్గర ఫ్యాక్టరీలో సరిచేసి పంపిన కాటా ఇక్కడికొచ్చాక పది కిలోలకి దాదాపు 6 గ్రాములు తక్కువ చూపిస్తుంది, అదే కాటా కొరాపుట్ కొండల మీదకి తీసుకెళ్తే ఇంకా కిలోకి సుమారు పావు గ్రాము తగ్గుతుంది. తక్కెడకి ఈ బాధ లేదు, భూమి రెండు చిప్పల్నీ ఒకేలా లాగుతుంది కాబట్టి ఢిల్లీలో సరిగ్గా ఉన్న ముల్లు కొరాపుట్‌లోనూ సరిగ్గానే నిలబడుతుంది. అందుకని ఏ ఎలక్ట్రానిక్ కాటా అయినా ఎక్కడ వాడతామో అక్కడే రాళ్ళు పెట్టి సరిచేయించుకోవాలి, ఆన్‌లైన్‌లో కొన్నది ఎవరు ఎక్కడ సరిచేశారో మనకేం తెలుసు. నా కొత్త కాటాని నా ఎదురుగానే ఆ ఇత్తడి రాళ్ళతో సరిచేసి, నాలుగు మూలలా మధ్యలో పెట్టి చూపించి, అప్పుడే ఇచ్చారు. ఏ మూల పెట్టినా కిలో కిలోనే.

మేం అక్కడుండగానే ఒక రైతు టేపు కొనడానికి వచ్చి గుంఠల దగ్గర పెద్ద చర్చ. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు, అంటే గుంఠ 1,742 చదరపు అడుగులు. తెలంగాణ, మహారాష్ట్ర వైపు ఎకరానికి 40, గుంఠ 1,089 అడుగులే. మా మరిది ఆదిలాబాద్‌లో పనిచేస్తాడు, వాడూ మేమూ ఫోన్‌లో గుంఠ అనుకుంటే వాడు అనుకునేది ఒకటి మేం అనుకునేది ఇంకొకటి అన్నమాట. స్థలాలు కొనేవాళ్ళు పేరు చూసి మోసపోకుండా చదరపు అడుగుల్లోకి మార్చి చూసుకోండి.

సేరు కూడా అంతే. మా నాయనమ్మ సున్నుండల లెక్క ఒక పాత నోటుబుక్కులో ఉంది, అంతా పాత కొలతలే, బరువుకి సేర్లు, వీశెలు, గింజలు కొలిచే పాత్ర లెక్కన మానికలు. మద్రాసు వైపు సేరు అంటే 24 తులాలు, 280 గ్రాములు. ఉత్తరాదిలో సేరు 80 తులాలు, 933 గ్రాములు. ఒకే పేరుకి మూడు రెట్లకి పైనే తేడా! మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి నాయనమ్మ సేరు చిన్న సేరే అయ్యుంటుందని బాబాయ్‌గారు అన్నారు. ఇంటికొచ్చి ఆ లెక్కన చేస్తే బెల్లం పాళ్ళు అచ్చం నాయనమ్మ చేతి రుచికే వచ్చాయి, అన్నేళ్ళూ నేను అందాజాగా వేసుకుంటున్నా. తులం అంటే ఆ రోజుల్లో వెండి రూపాయి బరువు, 11.66 గ్రాములు, ఇప్పుడు బంగారం షాపుల్లో తులం అంటే 10 అని సరిపెట్టేస్తున్నారు. వీశె 120 తులాలు, 1 కిలో 400 గ్రాములు. దేశంలో ఇవన్నీ తీసేసి కిలోలు తెచ్చే చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి కొన్ని చోట్ల మొదలుపెట్టి మెల్లగా అంతటా తెచ్చారు. బాబాయ్‌గారు అప్పుడు చిన్నపిల్లాడు, వాళ్ళ నాన్నగారు షాపులో పాత రాళ్ళకి బదులు కొత్త రాళ్ళు పెట్టిన రోజు జనం ఒక్కొక్కరూ వచ్చి చేత్తో ఎత్తి చూసుకున్నారట.

మానిక కొలత కావాలంటే ఇంట్లో ఇత్తడి మానిక ఉంటే పట్టుకురా అన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళాను. ఒడియా వాళ్ళు మార్గశిర లక్ష్మివారం నాడు ఇలాంటి కొలపాత్రనే మాణ అని కొత్త ధాన్యంతో నింపి లక్ష్మీదేవిగా పూజిస్తారు కదా, మా ఇంట్లో కూడా అదే రోజు ఈ మానికకి పసుపు బొట్టు పెడతాం, అంచు మీద పసుపు ఇంకా ఉంది. ఆయన ముందు దాని అంచుకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నారు. ఖాళీ మానిక కాటా మీద పెట్టి టేర్ (గిన్నె బరువు తీసేసి సున్నా చేసే మీట) నొక్కి, చెంబుతో నీళ్ళు పోస్తూ, ఆఖర్న సిరంజితో చుక్క చుక్క వేస్తూ నీళ్ళు అంచుకి సమానం అయ్యేదాకా కళ్ళు మానిక ఎత్తుకి దించి చూశారు. 1,312 గ్రాములు. ఈ వేడికి నీళ్ళు కొంచెం ఉబ్బి ఉంటాయి, 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 996 గ్రాములే తూగుతాయి, కాబట్టి మీ మానిక లీటరూ 317 మిల్లీలీటర్లు అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం నాయనమ్మ నోటుబుక్కులో పెట్టుకున్నా.

అదే ఊపులో లీటరు కొలతలో నువ్వుల నూనె పోసి చూపించారు, దగ్గర దగ్గర 920 గ్రాములు. అందుకే నూనె ప్యాకెట్ల మీద 1 లీటరు అని రాసి పక్కన 910 గ్రాములు అని ఉంటుంది, అది మోసం కాదు, నూనె నీళ్ళకన్నా తేలిక. తేనె అయితే లీటరు కిలోకి పైనే, 1,400 గ్రాముల దగ్గరికి వస్తుంది. కానీ పక్కపక్కన పెట్టిన 1 లీటరు, 850 గ్రాములు, 750 మిల్లీలీటర్ల ప్యాకెట్లు చూసి ధర పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, కొలత మార్చి రాస్తే మన కళ్ళు మోసపోతాయి. ఆవకాయ ఇంతకుముందు నేను లీటరు సీసాకి ఇంత అని అమ్మేదాన్ని, ఇప్పుడు కిలోల్లోకి మార్చాను, నూనె ఎక్కువ తేలిన సీసా తక్కువ తూగుతుంది కాబట్టి కొనేవాళ్ళకీ న్యాయం నాకూ న్యాయం.

మంచివన్నీ చెప్పాను, ఇబ్బందులూ చెప్పాలి. సందులో బండి పెట్టడానికి చోటు లేదు, బజారులో వదిలేసి నడవాలి. ఒక్కరే ఉంటారు, సహాయానికి ఒక కుర్రాడు వస్తాడు, వాడు లేని రోజు గంట గంటన్నర కూర్చోవాలి. కూర్చోడానికి ఒక్క స్టూలే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు, ఫోన్ ఎత్తరు. ఆన్‌లైన్ డబ్బులు తీసుకోరు, నగదే. బిల్లు మొదట ఒడియాలో రాసిచ్చారు, అడిగితే మళ్ళీ తెలుగులో రాశారు. ముద్రకి పది రోజులు అన్నది మూడు వారాలు పట్టింది, అది ఆయన చేతిలో లేదనుకోండి, కానీ ఆ మూడు వారాలూ నా వ్యాపారం ఆగిపోయింది, ముద్ర లేని కాటాతో అమ్మడం తప్పు అని తెలిశాక మనసొప్పలేదు. ఆయన నాలాంటివాళ్ళ కోసం ముద్ర పడ్డ కాటా ఒకటి అద్దెకి ఉంచితే బాగుంటుంది, ఆ మాట ఆయనతోనూ అన్నాను.

ముద్ర ఎలా చూసుకోవాలో కూడా చెప్తా. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తూకం రాళ్ళకి రెండేళ్ళకోసారి వేయించాలి. ఇనుప రాయికి గుంటలో సీసం పోసి ఉంటుంది, దాని మీద గుద్దుతారు. కాటాకి సీసం బిళ్ళతో తీగ సీలు. సంవత్సరంతో పాటు ఏ, బి, సి, డి లలో ఒక అక్షరం ఉంటుంది, సంవత్సరాన్ని మూడేసి నెలల నాలుగు ముక్కలు చేసి ఏ ముక్కలో వేశారో చెప్పే గుర్తు అది. మీరు కూరగాయలు కొనే బండి దగ్గర ఒకసారి ఆ రాయి తిప్పి చూడండి, అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు, మన హక్కు. గ్యాస్ సిలిండరు కూడా అంతే, లోపల గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, రెండూ కూడితే వచ్చేంత తూగాలి, తెచ్చిన అబ్బాయిని తూసి చూపించమంటే చూపించాల్సిందే.

ప్యాకెట్ల విషయంలో ఒక లెక్క ఆయన చెప్పాకే తెలిసింది. 200 నుంచి 300 గ్రాముల లోపు ప్యాకెట్‌లో రాసినదానికన్నా 9 గ్రాములకి మించి తగ్గకూడదని రూలు. నా 238 అందులో కూడా ఫెయిలే. ఆ ఇచ్ఛాపురం ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పి, ఆ నెలలో పావుకిలో ప్యాకెట్లు కొన్న అందరికీ ఒక్కో 50 గ్రాముల కందిపొడి ప్యాకెట్ పంపాను, పుస్తకంలో పేర్లున్నాయి కాబట్టి కుదిరింది, 63 మంది తేలారు. ఇప్పుడు పావుకిలోకి 252 మీద ఆపుతున్నా, కవరు బరువు ముందే టేర్ చేసేసి. మొగ్గుగా వెయ్యి తల్లీ, కొసరు అడిగించుకోకు అని బాబాయ్‌గారు చెప్పిన మాట.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే పొద్దున్న పది పదకొండు మధ్య వెళ్ళండి, కుర్రాడు ఆ టైంకే ఉంటాడు. మీ పాత కాటా, మీరు రోజూ తూసే సరుకు కొంచెం, అది పోసే గిన్నె మూడూ పట్టుకెళ్ళండి, అవి చూసే ఆయన ఏ మెట్టు కాటా కావాలో చెప్తారు. మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర రోజుల్లో మాత్రం వెళ్ళకండి, బజారంతా జనమే, షాపు కూడా తియ్యరు. నా కాటా మీద డి అక్షరం పడింది, అంటే మళ్ళీ ఈ ఏడాది ఆఖరి మూడు నెలల్లో ముద్ర వేయించుకోవాలి. ఈసారి దీపావళి ఆర్డర్లు మొదలవ్వకముందే ఇచ్చేస్తా.